రొట్టెచెట్టు కింది మట్టి

చెస్ట్‌నట్‌కి తెలుగులో పేరు లేదు. మన కొండల్లో ఆ చెట్టు లేదు కాబట్టి పేరు పెట్టే అవసరం రాలేదు. చైనీస్ హోటళ్ళలో వాటర్ చెస్ట్‌నట్ అని వడ్డించేదానికీ, ఉత్తరాదిన చెరువుల్లో పండే సింఘాడాకీ దీంతో ఏ చుట్టరికమూ లేదు. యూరప్ పార్కుల్లో నీడ కోసం పెంచే హార్స్ చెస్ట్‌నట్ కూడా ఇది కాదు. దాని గింజ తింటే జబ్బు చేస్తుంది. నేను చెప్పబోయేది ఓక్ చెట్టుకి దగ్గరి బంధువైన ఒక కొండచెట్టు గురించి. ఉమ్మెత్తకాయ లాంటి ముళ్ళ తొడుగు. అది పగిలితే లోపల రెండు మూడు గోధుమరంగు గింజలు. కాల్చి తింటే ఉడికించిన పనసగింజకీ చిలగడదుంపకీ మధ్యలో ఎక్కడో ఉంటుంది రుచి.

లియోన్‌లో అక్టోబర్ చివరికొచ్చేసరికి వీధి మూలల్లో వీటిని ఇనప పెనాల మీద కాల్చి, కాగితం పొట్లాల్లో వేసి అమ్ముతారు. నాలుగేళ్ళు అలా కొనుక్కుని తింటూనే ఉన్నాను, ఏ కొండ నుంచి వచ్చాయన్న ఆలోచనే లేకుండా. చివరికి ఉద్యోగమే నన్ను ఆ కొండకి తీసుకెళ్ళింది.

నేను పనిచేసేది అడవుల కార్బన్ లెక్కలు కట్టే ఒక చిన్న సంస్థలో. మట్టి తవ్వడం నా పని కాదు. తవ్వినవాళ్ళు పంపిన అంకెల్ని పట్టికలో సర్దడం నా పని. ఒక్కో అడవికి ఒక వరుస, వరుస చివర్న ఒక గడి: హెక్టారుకి ఇన్ని టన్నుల కర్బనం. 2015 చివర్లో పారిస్ వాతావరణ సదస్సు జరుగుతున్నప్పుడు ఫ్రాన్స్ ప్రభుత్వం "వెయ్యికి నాలుగు" అనే ప్రచారాన్ని మొదలుపెట్టింది. ప్రపంచంలోని నేలల్లో ఉన్న కర్బనాన్ని ఏటా వెయ్యికి 4 పాళ్ళు పెంచగలిగితే, గాలిలో పోగుపడుతున్న కార్బన్ డయాక్సైడ్‌కి పెద్ద అడ్డుకట్ట వేసినట్టేనని దాని సారాంశం. అప్పట్నుంచీ మట్టికి ఎక్కడలేని గౌరవం వచ్చింది. నాకు ఉద్యోగమూ వచ్చింది.

ఒకసారి పట్టికలో ఒక వరుస దగ్గర పేచీ వచ్చింది. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఒక చెస్ట్‌నట్ అడవి. పక్కపక్కనే తవ్విన రెండు గుంటలు, ఒకటే రాయి, ఒకటే చెట్టు, ఒకటే వాన. ఒక గుంటలో కర్బనం రెండోదానికన్నా బాగా ఎక్కువ. ఎక్కడో కొలతలో పొరపాటు జరిగిందనుకున్నాం. వెళ్ళి చూసి రమ్మన్నారు.

*

ఆ కొండల పేరు సెవెన్. ఫ్రెంచివాళ్ళు పలుకుతుంటే ఇంగ్లీషు ఏడంకెలాగే వినిపిస్తుంది. ఫ్రాన్స్ మధ్యనున్న పీఠభూమి ఆగ్నేయపు అంచున, ఫ్లోరాక్, ఆలెస్ అనే ఊళ్ళ మధ్య నిటారు లోయలు. 1878లో రాబర్ట్ లూయీ స్టీవెన్‌సన్ ఒక గాడిదని వెంటబెట్టుకుని ఈ దారిన నడిచాడు. 'ట్రెజర్ ఐలండ్' రాయడానికి ముందు సంగతి. దారిలో ఒక రాత్రి చెస్ట్‌నట్ చెట్ల కిందే పడుకున్నాడు. తర్వాతి ఏడాది వచ్చిన ఆయన యాత్రా పుస్తకంలో ఈ చెట్ల వర్ణన చదివి అడవి అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని వెళ్ళాను.

అడవి కాదు. సరిగ్గా చెప్పాలంటే, పూర్తిగా అడవీ కాదు, పూర్తిగా తోటా కాదు. యూరప్‌లో చాలాచోట్ల సరస్సుల అడుగున పేరుకున్న బురదని పొరలు పొరలుగా తీసి, అందులో చిక్కుకున్న పుప్పొడిని సూక్ష్మదర్శిని కింద లెక్కపెట్టారు. చెస్ట్‌నట్ పుప్పొడి చాలాకాలం నామమాత్రంగా ఉండి, రోమన్ల కాలానికొచ్చేసరికి అనేక ప్రాంతాల్లో గబుక్కున పెరుగుతుంది. రోమన్లు దీన్ని ఎక్కువగా కలప కోసం పెంచారు. మొదలు నరికితే ఎండిపోకుండా పిలకలేసే చెట్టిది. పదిహేను ఇరవై ఏళ్ళకోసారి నరుక్కోవచ్చు, మళ్ళీ నాటక్కర్లేదు. పేదవాడి తిండిగా దీని రాజ్యం ఆ తర్వాత, మధ్యయుగాల్లో మొదలైంది.

గోధుమ పండని చోట ఇది పండింది. షిస్ట్ అనే పలకరాయి మీద, గ్రానైట్ మీద, సున్నం లేని పుల్లటి నేలలో, నాగలి తిరగని వాలులో. అందుకే దీన్ని రొట్టెచెట్టు అన్నారు. తమాషా ఏంటంటే దీని పిండితో సరైన రొట్టె రాదు. గ్లూటెన్ లేదు కాబట్టి పొంగదు. కోర్సికా దీవిలో ఈ పిండిని వేడినీళ్ళలో వేసి కర్రతో కలియతిప్పి గట్టి ముద్ద చేస్తారు. అచ్చం మన సంకటి. సెవెన్ కొండల్లో ఎండిన గింజల్ని ఉడికించి సూపు చేసుకునేవాళ్ళు. దాని పేరు "బజనా". రొట్టెచెట్టు అన్నమాటకి అర్థం రొట్టె ఇస్తుందని కాదు, రొట్టె లేని లోటు తీరుస్తుందని.

గింజ పచ్చిదైతే నిలవుండదు. బూజు పడుతుంది, పురుగు పడుతుంది. దానికోసం ప్రతి పల్లెలో "క్లెడ్" అనే రాతి గది ఉండేది. కింద సెగ, మధ్యలో సందులున్న చెక్కల అటక, దానిమీద గింజలు. మంట పెట్టకూడదు, నిప్పు రాజుకుంటూ పొగ మాత్రమే రావాలి. వారాల తరబడి రాత్రీపగలూ ఎవరో ఒకరు కాపలా. ఆ తర్వాత బాదితే పెంకు ఊడుతుంది. అలా ఎండిన గింజలు వచ్చే ఏడు పంట దాకా ఇంటిల్లిపాదినీ, మిగిలితే పందుల్నీ సాకేవి.

*

నన్ను ఆ రెండు గుంటల దగ్గరికి తీసుకెళ్ళినావిడకి డెబ్బై దాటి ఉంటాయి. ఆ చెట్లు ఆవిడవే. నా ఫ్రెంచి ఆఫీసు ఫ్రెంచి; ఆవిడది కొండ యాస. సగం చేతులతోనే మాట్లాడుకున్నాం. మొదటి గుంట చూపించాను. "ఇది మడి," అంది. రెండో గుంట చూపించాను. "ఇది కొండ," అంది. అంతే. నా పేచీ తీరిపోయింది.

రెండు గుంటల మధ్య ఒక రాతిగోడ ఉంది. నాచు పట్టి, ఆకుల్లో మునిగి, దూరం నుంచి చూస్తే గట్టులా కనిపిస్తోంది. సున్నమూ మట్టీ ఏదీ లేకుండా పలకరాళ్ళు ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టిన గోడ. ఆ కొండవాలంతా అలాంటి గోడలే, మెట్లు మెట్లుగా. వీటిని అక్కడ "బాన్సెల్" అంటారు. గోడ వెనక మట్టి నిలిచింది. గోడ లేనిచోట జానెడు లోతుకే రాయి తగిలింది.

శరదృతువులో మధ్యధరా సముద్రం మీంచి వచ్చే తేమ ఈ కొండలకి కొట్టుకుని ఒక్కసారిగా కురుస్తుంది. కొన్ని గంటల్లోనే వందల మిల్లీమీటర్లు పడ్డ సందర్భాలున్నాయి. అంత వానకి వాలు మీద మట్టి నిలవదు. గోడల్లో కొన్ని కూలతాయి, మట్టి కిందికి జారుతుంది. జారిన మట్టిని ఏం చేసేవాళ్ళు? గంపల్లో ఎత్తుకుని, వీపు మీద మోసుకుని మళ్ళీ పైకి తీసుకెళ్ళేవాళ్ళు. ఇది ఈ కొండల చరిత్ర రాసిన ప్రతివాళ్ళూ చెప్పేమాట. "మా అమ్మ మోసింది," అంది ఆవిడ. "నేనూ మోశాను. చిన్న గంప."

నాకు మా తాత గుర్తొచ్చాడు. నల్గొండ దగ్గర మా ఊళ్ళో ఎండాకాలం చెరువు అడుగు తేలగానే పూడిక మట్టిని బళ్ళకెత్తి చేలోకి తోలించేవాడు. వానకి చేలోంచి పోయిన మట్టే చెరువులో చేరింది, దాన్ని మళ్ళీ చేలోకి తెస్తున్నాం అనేవాడు. 2015లో తెలంగాణలో మిషన్ కాకతీయ పేరుతో చెరువుల పూడిక తీసినప్పుడు ఊరి రైతులు ట్రాక్టర్ల మీద చేసిందీ అదే పని. మట్టి ఉన్నచోటే ఉంటుందనీ, దానంతటదే ఉంటుందనీ అనుకోవడం ఆఫీసులో కూర్చున్నవాళ్ళకే సాధ్యం. నేనూ అలా అనుకున్నవాణ్ణే కదా.

*

ఇంతకీ మట్టిలోకి కర్బనం ఎలా చేరుతుంది?

చెట్టు గాలిలోంచి కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఆకు, కాండం, వేరు కడుతుంది. ఆకు రాలుతుంది, సన్నవేర్లు చస్తాయి. పురుగులు, శిలీంధ్రాలు, బాక్టీరియా వాటిని తింటాయి. అందులో ఎక్కువ భాగం కొన్నేళ్ళలోనే మళ్ళీ గాలిలో కలిసిపోతుంది. కొద్ది భాగం మాత్రం సూక్ష్మజీవుల ఒంట్లోంచి వచ్చి బంకమట్టి రేణువులకీ, ఇనుము, అల్యూమినియం ఖనిజాలకీ అతుక్కుంటుంది. అలా అతుక్కున్నది తేలిగ్గా ఊడిరాదు. దశాబ్దాలు, ఒక్కోసారి శతాబ్దాలు ఉండిపోతుంది. చెస్ట్‌నట్ వేళ్ళని అల్లుకుని బతికే పుట్టగొడుగు జాతులు కూడా ఈ పనిలో పాలుపంచుకుంటాయి. చెట్టు వాటికి చక్కెర పంపిస్తుంది, అవి దారాల్లా మట్టిలోకి పాకి చెట్టుకి నీళ్ళూ ఖనిజాలూ తెస్తాయి. శరదృతువులో ఈ చెట్ల కింద జనం బుట్టలు పట్టుకుని వెతికే సెప్ పుట్టగొడుగు అలాంటిదే.

ప్రపంచం మొత్తం మీద పై మీటరు లోతు నేలలో ఉన్న సేంద్రియ కర్బనం సుమారు 1.5 లక్షల కోట్ల టన్నులని అంచనా. గాలిలో ఉన్నదానికన్నా, చెట్టూచేమల్లో ఉన్నదానికన్నా ఎక్కువ.

కొలవడం మాత్రం చాలా సాదా పని. 30 సెంటీమీటర్ల లోతు దాకా మట్టి తీస్తారు. ఎండబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, రాళ్ళు వేరుచేస్తారు. చిటికెడు మట్టిని కొలిమిలో మండించి, ఎంత కార్బన్ డయాక్సైడ్ వచ్చిందో చూస్తారు. ఉదాహరణకి ఒక హెక్టారులో 30 సెంటీమీటర్ల లోతు అంటే 3,000 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు టన్ను బరువుంటే 3,000 టన్నుల మట్టి. అందులో 2 శాతం కర్బనమైతే 60 టన్నులు. నేలలో మూడోవంతు రాయే అయితే 40. మట్టి 30 సెంటీమీటర్లు కాకుండా 15 మాత్రమే ఉంటే 20. మొదటి అంకెకీ చివరి అంకెకీ మూడు రెట్ల తేడా. చెట్టు అదే, ఆకు అదే, మధ్యలో ఉన్నది గోడ.

కానీ లెక్కలో గోడ లేదు. రాతిని తీసేసి లెక్కకట్టాలని మా పద్ధతి చెప్తుంది. నిజమే, రాతిలో సేంద్రియ కర్బనం ఉండదు.

*

ఆ ప్రయాణం తర్వాత ఈ చెట్టు గురించి దొరికింది దొరికినట్టు చదవడం మొదలుపెట్టాను. ఇదే చెట్టు దక్షిణ స్విట్జర్లాండ్‌లో, ఇటలీ సరిహద్దున ఉన్న టిచీనో ప్రాంతంలో కూడా శతాబ్దాలపాటు జనానికి తిండి పెట్టింది. అక్కడి అడవుల కింద మట్టి నల్లగా ఉంటుంది. ఆ నలుపు దేనివల్లో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు పరిశోధనలు చేశారు. రెండు కారణాలు తేలాయి. ఒకటి, అక్కడి ఇనుము, అల్యూమినియం ఖనిజాలు కర్బనాన్ని గట్టిగా పట్టుకోవడం. రెండు, మంట. వేల ఏళ్ళుగా ఆ కొండల మీద పడ్డ మంటల బొగ్గు మట్టిలో మిగిలిపోయింది. ఆ మంటల్లో ఎన్నో మనుషులు కావాలని పెట్టినవి.

నలుపంటే కర్బనమే అనుకోకూడదు. మన నల్లరేగడి ఎంత నల్లగా ఉన్నా అందులో సేంద్రియ కర్బనం సాధారణంగా తక్కువే. టిచీనోలో మాత్రం ఆ నలుపు నిజంగానే కర్బనపు నలుపు. అడవిని కాల్చిన పాపం నేలలో పుణ్యంగా జమైందన్నమాట. ఇలాంటివి చదివినప్పుడు నా పట్టికలోని మంచి, చెడు రంగులు కొంచెం వెలిసిపోతాయి.

ఇంకొకటి కూడా నాకు కొరుకుడు పడలేదు. పాతకాలం మనుషులు అడవిని ఎంత బాగా చూసుకున్నారో అని మురిసిపోవడం తేలిక. కానీ వాళ్ళు రాలిన ఆకుని ఊడ్చుకుపోయేవాళ్ళు. పశువుల కొట్టంలో పరుపుగా వెయ్యడానికి గడ్డి చాలదు. చెస్ట్‌నట్ ఆకే పరుపు. అది పేడతో కలిసి ఎరువై, రై పండే మడుల్లోకి, కూరగాయల పెరట్లోకి వెళ్ళేది. అంటే అడవి మట్టికి చేరాల్సిన కర్బనం చేనికి చేరేది. అడవి చుట్టూ గీత గీసి లెక్కకడితే అది నష్టం. ఊరు మొత్తానికి గీత గీస్తే అది ఇల్లు మారడం మాత్రమే. గీత ఎక్కడ గియ్యాలన్నది మట్టి చెప్పదు, గీసేవాళ్ళు చెప్తారు.

*

ఆ గీతలు గీసినవాళ్ళ చరిత్రే ఈ చెట్టు చరిత్రలో సగం.

కోర్సికా దీవి జెనోవా పాలనలో ఉన్నప్పుడు, 1584లో, భూమి ఉన్న ప్రతివాడూ ఏటా నాలుగు చెట్లు నాటాలని గవర్నరు ఆజ్ఞ వేశాడు: ఒక ఆలివ్, ఒక అంజూర, ఒక మల్బరీ, ఒక చెస్ట్‌నట్. దీవి ఈశాన్యపు కొండలు మెల్లగా చెస్ట్‌నట్‌తో నిండాయి. ఆ ప్రాంతం పేరే కాస్టాన్యిచ్చా అయిపోయింది, చెస్ట్‌నట్ సీమ అని. కోర్సికా స్వాతంత్ర్య పోరాట నాయకుడు పాస్కాల్ పావొలీ పుట్టింది ఆ సీమలోనే, 1725లో.

1768లో జెనోవా ఈ దీవిని ఫ్రాన్స్‌కి అప్పజెప్పింది. మరుసటేడు పావొలీ సైన్యం ఓడిపోయింది. కొత్త పాలకులకి ఈ చెట్టు కంట్లో నలుసైంది. ఏడాదికి కొన్ని వారాలు గింజలు ఏరుకుంటే కడుపు నిండిపోతుంది, ఇక జనం పొలం ఎందుకు దున్నుతారు, ఇది సోమరుల తిండి అన్నారు. కడుపు నిండినవాడు తిరుగుబాటు కూడా చేస్తాడన్న భయం ఎటూ ఉంది. 1771లో కొత్తగా చెస్ట్‌నట్ నాటడాన్ని నిషేధిస్తూ రాజుగారి మండలి ఉత్తర్వు ఇచ్చింది. అది నిలవలేదు. రెండేళ్ళకి వెనక్కి తీసుకున్నారు. 1780లో పార్మాంటియే అనే శాస్త్రవేత్త చెస్ట్‌నట్ మీద ఒక గ్రంథమే రాశాడు. ఫ్రాన్స్ చేత బంగాళాదుంప తినిపించినవాడిగా పేరున్న మనిషి ఆయనే.

సోమరుల తిండి అన్నవాళ్ళు ఏం చూడలేదో ఇప్పుడు నాకు తెలుసు. వాళ్ళు ఏరడం చూశారు. అంటు కట్టడం, కొమ్మలు కత్తిరించడం, అడుగున పొదలు కొట్టడం, నీటి కాలవలు తియ్యడం, క్లెడ్‌లో నిప్పు కాయడం, గోడ పేర్చడం, మట్టి మొయ్యడం చూడలేదు. పెట్టిన అంటు సరిగ్గా కాపుకి రావడానికే పదేళ్ళు పైన పడుతుంది. నాటినవాడు తన మనవడి కోసం నాటాడు. పన్ను వేసేవాడి లెక్కలో మనవడు ఉండడు.

*

తర్వాతి లెక్క ఫాక్టరీలది.

పంతొమ్మిదో శతాబ్దం మధ్యలో సెవెన్ కొండలకి దెబ్బ మీద దెబ్బ తగిలింది. మొదట పట్టుపురుగుకి పెబ్రిన్ రోగం వచ్చింది. దాని సంగతి తేల్చడానికి 1865లో పాశ్చర్ ఆలెస్ వచ్చి కొన్నేళ్ళు పనిచేశాడు. చేతిలో డబ్బు ఆడేది పట్టుతోనే. కడుపు నిండేది చెస్ట్‌నట్‌తో. పట్టు పడిపోయిన ఆ రోజుల్లోనే చెస్ట్‌నట్‌కి కూడా వేరుకుళ్ళు వచ్చింది. చెట్టు మొదట్లో నల్లటి రసం కారుతుంది కాబట్టి దాన్ని సిరాతెగులు అన్నారు. చచ్చిన చెట్టునీ, చావబోయే చెట్టునీ, బాగానే ఉన్న చెట్టునీ కూడా కొనడానికి టానిన్ ఫాక్టరీలు సిద్ధంగా ఉన్నాయి. తోళ్ళు పదును చెయ్యడానికి టానిన్ కావాలి. ముసలి చెట్టు మొద్దులో అది ఎక్కువ. అంటే శతాబ్దాలుగా అంటు కట్టి పెంచుకున్న చెట్లే ఫాక్టరీకి అన్నిటికన్నా రుచికరం. అప్పుల్లో ఉన్నవాళ్ళు అమ్మేశారు. పిల్లలు గనుల్లోకి, పట్నాలకి వెళ్ళిపోయారు. మొదటి ప్రపంచయుద్ధం ఇంకొందర్ని తీసుకుపోయింది.

అట్లాంటిక్ అవతల ఇంకా ఘోరం. 1904లో న్యూయార్క్ బ్రాంక్స్ జూలో చెస్ట్‌నట్ చెట్ల బెరడు మీద ఒక శిలీంధ్రం కనిపించింది. ఆసియా నుంచి మొక్కలతోపాటు వచ్చింది. సుమారు యాభై ఏళ్ళలో, అంచనాల ప్రకారం 400 కోట్ల అమెరికన్ చెస్ట్‌నట్ చెట్లు పోయాయి. 1938లో అదే తెగులు యూరప్‌లో, జెనోవా దగ్గర బయటపడింది. ఇక్కడా అంతే అనుకున్నారు. కానీ 1950ల మొదట్లో ఇటలీలో కొన్ని చెట్లు పుండు పడినా మానుతున్నాయని గమనించారు. తర్వాత తేలిందేమిటంటే, ఆ శిలీంధ్రానికే ఒక వైరస్ జబ్బు చేసింది, దాంతో అది నీరసించిపోయింది. ఫ్రాన్స్‌లో శాస్త్రవేత్తలు ఆ జబ్బుపడ్డ శిలీంధ్రాన్నే తీసుకొచ్చి పుండ్లకి పూయడం మొదలుపెట్టారు. యూరప్ చెస్ట్‌నట్ బతికి బట్టకట్టడంలో శత్రువుకొచ్చిన జ్వరానికి పెద్ద వాటా ఉంది.

చెట్టు బతికింది. మనుషులు మాత్రం చాలామంది తిరిగి రాలేదు.

*

ఇప్పుడు మూడో లెక్క, నాది.

వదిలేసిన చెస్ట్‌నట్ తోటలో ఏమవుతుంది? కొట్టేవాళ్ళు లేక పొదలు లేస్తాయి, పిలకలు దట్టమవుతాయి. ఆకు ఊడ్చేవాళ్ళు లేక రాలిందంతా అక్కడే పడి ఉంటుంది. కొన్నేళ్ళపాటు, కొన్నిచోట్ల కొన్ని దశాబ్దాలపాటు, అక్కడ మొత్తం కర్బనం పెరగొచ్చు కూడా. అంటే నా పట్టికలో, మనుషులు వెళ్ళిపోయిన కొండ మనుషులున్న కొండకన్నా మెరుగ్గా కనిపించగలదు. ఈ మాట దాచి ఈ వ్యాసం రాస్తే అబద్ధం చెప్పినట్టే.

అయితే ఆ పెరిగింది ఎన్నాళ్ళుంటుంది? దట్టంగా పెరిగిన ఎండుపుల్లలకి వేసవిలో నిప్పంటుకుంటుంది. పైన బరువెక్కిన ముసలి మొదళ్ళు వానకి వేళ్ళతో సహా పెకలి గోడని లాక్కుని పడిపోతాయి. ఒక్క రాయి జారినప్పుడు ఎత్తి పెడితే పది నిమిషాల పని. ఎత్తి పెట్టేవాళ్ళు లేకపోతే వచ్చే వానకి గజం, ఆపై వానకి మడి. మడి జారితే దానితోపాటు మూడొందల ఏళ్ళ కర్బనం ఏటిపాలు. నిలకడ అనే మాట మేం రోజూ వాడతాం. ఆ కొండ మీద దానికి అర్థం, ఎవరో ఒకరు ప్రతి వాన తర్వాతా గోడ చూడ్డానికి వెళ్ళడం.

తిరిగొచ్చే రోజు ఆవిడ కాఫీ ఇచ్చి, చెస్ట్‌నట్ జామ్ పూసిన రొట్టె పెట్టి, చివరికి అసలు ప్రశ్న అడిగింది. "మట్టిలో బొగ్గు ఉంచినవాళ్ళకి డబ్బులిస్తారటగా?"

కర్బనం అన్నమాటని ఆవిడ అలా పలికింది, బొగ్గు అని.

ఇస్తారు, కానీ కొత్తగా చేర్చినదానికే ఇస్తారని చెప్పాను. కార్బన్ మార్కెట్లో అసలు నియమం అదే: డబ్బు ఇవ్వకపోతే జరిగి ఉండేదానికన్నా అదనంగా ఎంత జరిగిందో దానికే చెల్లింపు. నియమంలో తప్పు పట్టలేం. ఎటూ జరిగేదానికి డబ్బిస్తే గాలిలో తగ్గేదేం ఉండదు. దానికీ ఒక తర్కం ఉంది.

ఆవిడ కాసేపు ఆలోచించింది. "అయితే ఇదంతా పడగొట్టి, మళ్ళీ కడితే ఇస్తారా?"

నవ్వుతూనే అడిగింది. నేనూ నవ్వాను. కానీ నా దగ్గర జవాబు లేదు. కూలగొట్టినవాళ్ళకి బాగుచేసుకునే అవకాశం ఉంది. నరికినవాళ్ళకి నాటే అవకాశం ఉంది. మొదట్నుంచీ కాపాడుకుంటూ వచ్చినవాళ్ళు చేసిన పని మా లెక్కలో "ఎటూ జరిగేది" కిందికి వస్తుంది. ఎటూ జరిగేది! చిన్న గంపతో మొదలుపెట్టి అరవై ఏళ్ళు మోసిన మనిషి ఎదురుగా కూర్చుని ఆ మాటని ఫ్రెంచిలోకి ఎలా చెప్పాలో నాకు తెలియలేదు. చెప్పలేదు.

జెనోవావాళ్ళు చెట్లు లెక్కపెట్టారు. రాజుగారి మండలి ధాన్యం లెక్కపెట్టింది. ఫాక్టరీలు టానిన్ లెక్కపెట్టాయి. మేం కర్బనం లెక్కపెడుతున్నాం. మా ఉద్దేశం వాళ్ళ ఉద్దేశాలకన్నా మంచిదనే ఇప్పటికీ నమ్ముతున్నాను. లేకపోతే ఈ ఉద్యోగం చెయ్యను. కానీ వాళ్ళందరి లెక్కల్లో ఏ గడి లేదో, మా దాంట్లోనూ అదే గడి లేదు.

లియోన్ వచ్చాక ఆ వరుస సరిచేశాను. రెండు గుంటల కొలతలూ సరైనవేనని రాశాను. వరుస చివర "గమనికలు" అని ఒక గడి ఉంటుంది, దాన్ని ఎవరూ నింపరు, ఎవరూ చదవరు. అందులో ఒక వాక్యం చేర్చాను: మొదటి గుంట రాతిగోడ వెనక ఉంది, గోడ ప్రస్తుతం బాగుంది, ఏటా బాగుచేస్తున్నారు.

మరుసటి నెల పట్టికని పైవాళ్ళకి పంపేముందు సర్దుతూ ఎవరో ఆ గడిని ఖాళీ చేశారు. అంకెలున్న చోట మాటలుంటే కూడిక కుదరదట. నేను మళ్ళీ రాశాను.